కుక్కల బ్రాంకోస్కోపీ

మత్తిచ్చిన కుక్క నోటి గుండా సన్నని గొట్టం పంపి, గాలిగొట్టాన్నీ శ్వాసనాళాలనూ లోపలినుంచి చూసి జబ్బును గుర్తించే పరీక్ష.

ఈ పరీక్షలో కనిపించే జబ్బుల్లో ఒకటి మొదట తెలిసింది చనిపోయిన కుక్కల వల్ల. 1877లో మాంట్రియల్‌లో దగ్గుతో చనిపోయిన కుక్కపిల్లలను వైద్యుడు విలియం ఆస్లర్ కోసి చూశాడు. గాలిగొట్టం రెండుగా చీలే చోట చిన్న బుడిపెలు, వాటిలో సన్నని పురుగులు కనిపించాయి. ఆ పురుగుకు నేటి పేరు ఆస్లరస్ ఆస్లరై. ఆ బుడిపెలను బతికున్న కుక్కలో చూడగలగడం ఆ తరువాతి సంగతి.

ఆ దారి మనుషుల వైద్యంలో తెరుచుకుంది. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో వైద్యుడు గుస్టావ్ కిల్లియన్ ఒక రైతు కుడి శ్వాసనాళంలో ఇరుక్కున్న పంది ఎముకను లోహపు గొట్టంతో బయటికి తీశాడు. అమెరికాలో వైద్యుడు షెవాలియర్ జాక్సన్ గొట్టం చివరనే చిన్న బల్బు అమర్చాడు. నిటారు గొట్టం మలుపు తిరగదు. ఆ ఇబ్బందిని గాజుపోగులు తీర్చాయి. పోగుల కట్టతో బొమ్మను అవతలికి పంపవచ్చని 1954లో లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్, పంజాబ్‌లో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ ప్రకటించారు. 1966లో జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా వంగే బ్రాంకోస్కోపును లోకానికి చూపాడు.

తరువాతి దశాబ్దాల్లో ఇది పశువైద్యంలోనూ స్థిరపడింది. 1982లో పరిశోధకులు టాంగ్నర్, హాబ్సన్ కుక్క గాలిగొట్టం కుంగిపోవడాన్ని నాలుగు దశలుగా విభజించారు: దారి పావు వంతు మూసుకుంటే మొదటిది, దాదాపు పూర్తిగా మూసుకుంటే నాలుగోది. 1986లో ఏమిస్, మెకీర్నన్ కుక్క శ్వాసనాళాల శాఖలకు గుర్తులిచ్చారు. నేటికీ నివేదికలు ఆ గుర్తులతోనే రాస్తారు.

ఊపిరి వదిలేటప్పుడు మాత్రమే కుంగే నాళం ఎక్స్‌రేలో తప్పిపోవచ్చు, బ్రాంకోస్కోపులో కనిపిస్తుంది. గోరువెచ్చని సెలైన్ పోసి వెనక్కి లాగిన ద్రవం కణపరీక్షకు, కల్చర్‌కు వెళుతుంది.

హైదరాబాద్ సంస్థానంలో పశువైద్య కళాశాల 1946లో మొదలైంది. నేడది రాజేంద్రనగర్‌లో ఉంది. ఉత్తరాన కోరుట్లలోనూ కళాశాల ఉంది. మత్తు, ఆక్సిజన్, శిక్షణ పొందిన చేయి కావాలి కనుక బ్రాంకోస్కోపీ ఇలాంటి పెద్ద ఆసుపత్రుల పరీక్ష. భైంసా వంటి ఊరి నుంచి కుక్కను అక్కడికి పంపేముందు ఊరి పశువైద్యుడు ఛాతీ ఎక్స్‌రే, గుండె పరీక్ష ముగించడం అవసరం: పామెరేనియన్ వంటి చిన్నజాతి ముసలి కుక్కల్లో దగ్గు గుండె జబ్బుతోనూ రావచ్చు, అలాంటి కుక్కకు మత్తు ప్రమాదకరం.