కాంక్రీటు పోయకముందు

తిరుపతి బస్టాండులో పీలేరు బస్సు కదిలేసరికి సాయంత్రం ఐదున్నర. 2022 నవంబరు 20, ఆదివారం. తెల్లారితే కార్తీకం ఆఖరి సోమవారం కాబట్టి కపిలతీర్థం వైపు పోయే ఆటోల్లో అప్పుడే కాలు పెట్టే సందు లేదు. నా వెనక సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చారు.

"స్టేడియం కాడ బీరు అమ్మమని ఇప్పుడు చెప్తా ఉండారంటరా, రెండ్రోజుల ముందర."

"బీరు సంగతి ఇడ్సు. ఆ దేశం మన పాత చిత్తూరు జిల్లా అంత కూడా లేదంట. పన్నెండు లక్షల మంది వస్తే యాడ పండబెడతారు?"

పిల్లాడు చెప్పింది నిజమే. విడిపోకముందు మన చిత్తూరు జిల్లా 15,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఖతార్ మొత్తం కలిపినా 12,000 లేదు. జనాభా సుమారు 30 లక్షలు, మన జిల్లా జనం కన్నా తక్కువ. అందులో పౌరులు పదో వంతుకు కొంచెం అటూ ఇటూ. మిగిలిన వాళ్లంతా కూలికో కొలువుకో వెళ్లినవాళ్లే. అలాంటి చోట ఈ రాత్రి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ మొదలవుతోంది.

నేను వెళుతున్నది ఆ ఆట చూడడానికే. పీలేరు అవతల పల్లెలో మా మామ ఇంటికి. ఆట తెలిసి కాదు. మా వైపు బంతి అంటే క్రికెట్టు, అది కాకపోతే వాలీబాల్. మొదటి ఆట జరిగే అల్ బైత్ స్టేడియం పనిలో మామ దాదాపు మూడేళ్లున్నాడు. "ఆ రోజు రా అల్లుడా, చూద్దాం" అని దసరా నుంచే పోరుతున్నాడు.

బస్సు చంద్రగిరి దాటింది. రంగంపేట దాటాక చీకటి పడింది. ఆ పిల్లలు ఇంకా ఏర్పాట్ల గురించే మాట్లాడుకుంటున్నారు. ఏర్పాట్లు అన్న మాట తిరుపతిలో పుట్టినవాడికి ఉగ్గుపాలతో వచ్చేది. రెండేళ్ల కరోనా తర్వాత ఈ అక్టోబరు 1న తిరుమల మాడవీధుల్లో మళ్లీ జనం మధ్య గరుడసేవ జరిగింది. కొండకు పోయి వచ్చిన ప్రతివాడినీ మా అమ్మ అడిగిన మాట ఒకటే: "ఏర్పాట్లు ఎట్లుండాయి?" నీళ్లిచ్చారా, అన్నం పెట్టారా, క్యూ కదిలిందా, దిగి రావడానికి బస్సులున్నాయా. గుడి వంటశాల పోటులో రాత్రంతా లడ్డూలు చుట్టినవాళ్లకు కునుకు దొరికిందా అని అమ్మ ఎన్నడూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఖతార్‌ను కూడా లోకం పన్నెండేళ్లుగా ఇట్లాగే అడిగింది. 2010 డిసెంబరు 2న కప్పు వాళ్లకు దక్కిందని ప్రకటించిన రోజు నుంచి ఒకటే సందేహం. జూన్, జూలై నెలల్లో 50 డిగ్రీలకు దగ్గరపడే ఎండలో ఎవరు ఆడతారు? చివరికి 2015లో టోర్నీనే చలికాలానికి జరిపారు. ఎనిమిది స్టేడియాల్లో ఏడు కొత్తగా లేవాలి, అవుతాయా? అయ్యాయి. జనం తిరిగేదెట్లా? 2019లో మెట్రో వచ్చింది. కప్పు వాళ్లకిచ్చిన నాడు ఫిఫా అధ్యక్షుడిగా ఉన్న సెప్ బ్లాటర్, మొన్న ఈ నెలలోనే, అది పొరపాటు, ఆ దేశం మరీ చిన్నది అన్నాడు. వచ్చేవాళ్లకు గదులు చాలుతాయా అన్న ప్రశ్న ఈ సాయంత్రానికి కూడా తెగలేదు.

మనల్నీ లోకం మూడు నెలల కింద ఇట్లాగే చూసింది. ఆగస్టులో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యను పక్కన పెట్టింది. అక్టోబరులో మన దేశంలో జరగాల్సిన ఆడపిల్లల అండర్-17 ప్రపంచ కప్ చేజారుతుందేమోనని పది రోజులకు పైగా అందరికీ గుండెలు గుబగుబలాడాయి. మైదానాలు బాగాలేక కాదు, ఆఫీసు నడిపే తీరు బాగాలేక. నిషేధం ఎత్తేశాక భువనేశ్వర్‌లో, గోవాలో, నవీ ముంబైలో ఆ పిల్లలు ఆడగలిగారు.

భాకరాపేట కనుమ ఎక్కుతుంటే కిటికీలోంచి అడివి వాసనతో చల్లగాలి కొట్టింది. అద్దం మూశాను.

పీలేరులో దిగగానే కళ్లకు తగిలేవి బోర్డులు. కువైట్, సౌదీ, దుబాయ్, ఖతార్. టిక్కెట్లు, మెడికల్, పాస్‌పోర్టు ఫొటోలు. పక్కనే బంగారం మీద అప్పిచ్చే కొట్టు. ఈ రెండు బోర్డులూ మా ఊళ్లలో అన్నదమ్ముల్లాగా పక్కపక్కనే ఉంటాయి, ఎందుకంటే ఒక మెట్టు ఎక్కాలంటే ముందు రెండోది ఎక్కాలి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోవాల్సిన దానికి ఒక హద్దుంది, లక్షకు చాలా కింద. 2016లో మామ దగ్గర తీసుకున్నది లక్షా పదివేలు. అత్త గాజులు కొట్లో పెట్టి కొంత, రెండు రూపాయల వడ్డీకి కొంత తెచ్చి కట్టాడు. పదో తరగతి తప్పినవాడు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ ముద్ర కూడా ఉంది. ఇట్లాంటివాళ్లకు అన్యాయం జరక్కుండా సర్కారు ఒకసారి చూసి పంపాలని ఆ ముద్ర అర్థం.

మామ బండి మీద వచ్చి ఎక్కించుకున్నాడు. ఇంటి ముందు నాలుగు ఆవులు, పేడ వాసన, దోమలకు వేసిన వేపాకు పొగ. "ఏం నాయనా, ఇంత పొద్దు చేసినావు?" అంటూ అత్త కాళ్లకు నీళ్లిచ్చింది. కార్తీకం కదా, కూర లేదు. రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, నెయ్యి. కడుపు నిండా తిన్నాం.

టీవీలో ఆ ఛానల్ రాదు. ఫోన్‌లో ఉచితంగా వస్తుందని అందరూ చెప్పిన యాప్ తెరిచి, ఫోన్‌ను ఇత్తడి చెంబుకు ఆనించాం. బొమ్మ వస్తుంది, ఆగిపోతుంది, చక్రం తిరుగుతుంది. పక్కింటి పిల్లలు ముగ్గురు, వాళ్ల తాత, అత్త, నేను. అందరం ఆ అరచేతి వెడల్పు వెలుగు చుట్టూ చాప మీద కూర్చున్నాం. మామ మాత్రం గోడకు ఆనుకుని గొంతుకూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు కాస్త ముందు ఆకాశంలోంచి చూపించారు. ఎడారిలో పెద్ద డేరా. నిజంగానే డేరా ఆకారం. అరబ్బులు ఎడారిలో వేసుకునే గుడారం పేరే దానికి పెట్టారు. దోహాకు ఉత్తరాన అల్ ఖోర్ ఊళ్లో ఉంది. లైట్ల వెలుగులో బంగారు రంగుకు తిరిగింది.

"అబ్బా, పెండ్లి పందిరి మాదిరి ఉండాది" అంది అత్త. తర్వాత మామ వైపు తిరిగి, "నువ్వు చేసింది ఏది?" అని అడిగింది.

"లోపలుండాది."

"లోపల యాడ?"

"కాంక్రీటు లోపల. కనపడదు."

మామ లేచి లోపలికి పోయి పాత ఫోన్ తెచ్చాడు. అద్దం పగిలింది, ఛార్జింగు వైరు పెట్టి పట్టుకుంటేనే వెలుగుతుంది. అందులో ఒక ఫొటో. మనిషి ఎత్తుకు రెండింతలు నిలబడిన ఇనుప కడ్డీల బోను. నా బొటనవేలి కన్నా లావు కడ్డీలు నిలువుగా, వాటి చుట్టూ జానెడు జానెడు దూరంలో రింగులు. ప్రతి కూడలి దగ్గరా బైండింగ్ వైరు ముడి. బోను పక్కన పసుపు టోపీ, ముఖమంతా గుడ్డ, కళ్లు మాత్రమే కనిపించే మనిషి. అది మామ.

"స్తంభం ఇది. పొద్దున కాంక్రీటు పోస్తారనంగా ఈ ఫొటో తీసుకున్న్యా. ఇట్లా కడతాం." చాప అంచులోంచి ఒక పోగు లాగి, చూపుడు వేలి చుట్టూ వేసి, కుడి మణికట్టు ఒక్కసారి తిప్పాడు. పోగు బిగిసింది. నిప్పరు లేదు, వైరు లేదు, అయినా చెయ్యి మర్చిపోలేదు. "రోజుకు ఎన్ని కట్టినానో లెక్క లేదు. రాత్రి పండుకుంటే నిద్దట్లో గూడా చెయ్యి తిరిగేది."

ఆ మణికట్టు వైపే చూస్తూ ఉండిపోయాను. బొటనవేలి మొదట్లో తీగ కోసిన గీతలు తెల్లగా, దగ్గర దగ్గరగా, దువ్వెన పళ్లలాగా ఉన్నాయి.

ఖతార్‌కూ ఈక్వడార్‌కూ ఆట మొదలైంది. మూడో నిమిషంలోనే ఈక్వడార్ వాళ్లు గోల్ వేశారు, పిల్లలు ఎగిరారు, అది చెల్లదన్నారు. పదహారో నిమిషంలో వాళ్ల ఆటగాడు వాలెన్సియా పెనాల్టీ కొట్టాడు. అది చెల్లింది.

"ఎండ ఎట్లుండేది తాతా?" అని ఒక పిల్లాడు మామను అడిగాడు. ఆట ఆగినప్పుడల్లా మామ కొంచెం కొంచెంగా చెప్పాడు. క్యాంపులో మూడున్నరకు లేవడం, నాలుగింటికి బస్సు. పొద్దున ఎనిమిదికే కడ్డీ గ్లౌజు లోంచి కాలుతుంది. "మధ్యానం పదకొండున్నర నుంచి మూడు దాకా పని ఆపేవాళ్లు. జూన్ 15 నుంచి ఆగస్టు ఆఖరు దాకా. అది అక్కడి చట్టం." కొంచెం ఆగి అడిగాడు: "సెప్టెంబరు ఒకటో తేదీ వస్తే ఎండ పోతాదా అల్లుడా?"

ఆ నియమం 2021లో మారింది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు, పొద్దున పది నుంచి మూడున్నర వరకు బయట పని చేయించకూడదన్నారు. అదే ఏడు మార్చిలో కనీస జీతం 1,000 రియాల్ అన్నారు, తిండికీ గదికీ వేరే. అంతకుముందు ఏడు, కంపెనీ మారాలంటే పాత యజమాని ఒప్పుకోవాలన్న నిబంధన తీసేశారు. మంచి మార్పులే, కాదనను. ఆటను లోకం కళ్ల ముందు పెట్టుకోకపోయి ఉంటే ఇవి కూడా వచ్చేవి కావేమో. కానీ ఇవి కాగితం మీదికి వచ్చేసరికి మామ కట్టిన స్తంభాలు గట్టిపడిపోయాయి. ఇక్కడ ఏజెంటు 1,200 రియాల్ అన్నాడు, అక్కడ దిగాక వేరే కాగితం మీద వేలిముద్ర వేయించుకుని 900 ఇచ్చారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే. 2020లో కరోనా విమానంలో తిరిగొచ్చేటప్పుడు రెండు నెలల జీతం రాలేదు, ఈ రాత్రికీ రాలేదు.

"మాది స్టేడియం సైటు, మాకు నయం" అన్నాడు మామ. "చివర్లో నీళ్లలో తడిపి వేసుకునే చొక్కాలు గూడా ఇస్తా ఉండారని ఉన్నోళ్లు చెప్పినారు. రోడ్ల పని, పైపుల పని చేసేటోళ్లను చూడాల నువ్వు." తర్వాత గొంతు తగ్గించాడు. "మా రూములో నిజామాబాదు తట్టు పిల్లోడు ఒకడు. రాత్రి నాతో మాట్లాడి పండుకున్న్యాడు. మూడున్నరకు లేపితే లేయలా."

కాగితంలో సహజ మరణం అని రాశారట. ఇరవై తొమ్మిదేళ్లు ఆ పిల్లవాడికి.

గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో లెక్క తీసింది. కప్పు ఖాయమైన నాటి నుంచి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి వెళ్లినవాళ్లు ఖతార్‌లో 6,500 మందికి పైగా చనిపోయారు. అందులో మనవాళ్లే 2,711 మంది. వీళ్లంతా స్టేడియాల్లో పని చేసినవాళ్లు కాదు, అన్ని రకాల చావులూ అందులో ఉన్నాయి. అంత పెద్ద జనంలో ఆ సంఖ్య మామూలేనని ఆ ప్రభుత్వం అంది. స్టేడియం పనుల్లో ప్రమాదాల వల్ల పోయింది ముగ్గురేనని నిర్వాహకుల లెక్క. సరే, ఆ మాటా విందాం. కానీ మనవాళ్ల చావుల్లో 80 శాతం దాకా సహజ మరణాల కింద రాసి ఉన్నాయి. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని రాస్తారు. ఎందుకు ఆగిందో శవపరీక్ష చేసి చూడరు. సహజం అని రాశారంటే అది పని వల్ల కాదని అర్థం, ఇంటికి పరిహారం రాదని అర్థం. వయసులో ఉన్న మనిషి, ఎండలో పని చేసి వచ్చి పడుకుని లేవకపోతే అందులో సహజం ఏముంది? ఆ దేశం సిద్ధంగా ఉందా అని పన్నెండేళ్లు అడిగినవాళ్లు బీరు, గది, ఎండలో ఆటగాళ్ల సంగతి అడిగారు. ఆ పిల్లవాడి గదిలో ఫ్యాను తిరుగుతోందా అన్నది కూడా ఏర్పాట్ల లెక్కలోకే వస్తుంది. మొదటి వరసలో వస్తుంది. దాన్ని చివరిదాకా అడిగింది మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ లాంటి కొద్దిమంది. 2020లో ఇదే అల్ బైత్‌లో పని చేసిన వందమంది దాకా కూలీలకు నెలల తరబడి జీతాలు రాలేదని బయటపెట్టింది కూడా ఆమ్నెస్టీ వాళ్లే.

ముప్పై ఒకటో నిమిషంలో వాలెన్సియా తలతో రెండోది వేశాడు. మామ ఆట చూడడం లేదు. కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా ఫోన్ దగ్గరికి వంగుతున్నాడు. "ఆ మెట్లు... ఆ మెట్ల కింద... అయ్యో, తిప్పేసినాడు." మళ్లీ చూపిస్తారని కాచుకున్నాడు. రెండో సగానికి కుర్చీలు ఖాళీ అవడం మొదలైంది. సొంత దేశం వాళ్లే లేచిపోతున్నారు. ఖాళీ అయినకొద్దీ మామకు మెట్లు బాగా కనిపించాయి.

"అది. ఆ మూల నుంచి మూడోది. దాని కిందే."

పిల్లలు ముగ్గురూ ఫోన్ మీదికి వంగారు. నేనూ వంగాను. తెల్లటి గోడ, దాని మీద లైటు. చక్రం తిరిగి బొమ్మ అక్కడే ఆగింది. ఆ ఒక్కసారికి ఎవరూ విసుక్కోలేదు.

ఆట ముగియకముందే మామ ఆవుల దగ్గరికి వెళ్లాడు. నేను బయటికి వచ్చేసరికి పదకొండున్నర. గడ్డి దులిపి వేస్తున్నాడు.

"ఎవురు గెలిచిరి?"

"ఈక్వడార్, రెండు సున్నా. కప్పు జరిపే దేశం మొదటి ఆటే ఓడిపోవడం ఇంతవరకూ లేదంట మామా."

"పాపం" అన్నాడు మామ. మిగిలిన గడ్డి కూడా వేశాడు. "అంత కట్టుకోని."

ఐదింటికి పాలు పిండాలి, ఆరుకు పాలకేంద్రం దగ్గర ఉండాలి. వసారాలో లైటు ఆర్పమన్నాడు.