ఆగని కంప్యూటరుకు పెట్టిన పేర్లు

"తెలుగు మీడియంలో చదివితే కంప్యూటరు మాటలు ఎట్ల అర్థమైతయి?" అని మా షోలాపూర్‌లో చాలామంది అడుగుతుంటారు. ఆ మాటలు ఎక్కడ పుట్టాయో తెలిస్తే జవాబు దొరుకుతుందని నాకు అనిపించింది. అందుకే సర్వర్లకు సంబంధించిన కొన్ని మాటల చరిత్ర రాస్తున్నాను.

సర్వర్ అంటే ఎంతోమందికి ఒకేసారి పని చేసిపెట్టే కంప్యూటరు. బ్యాంకు, రైల్వే రిజర్వేషను దానిమీదే నడుస్తాయి. అది ఆగితే అందరి పనీ ఆగుతుంది. తొలి కంప్యూటర్లలో రిలేలు, వాక్యూమ్ ట్యూబులు తరచుగా చెడిపోయేవి. నమ్మలేని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టవచ్చా అనే విషయం మీద జాన్ వాన్ నాయ్‌మన్ 1952లో ఉపన్యాసాలు ఇచ్చాడు. అవి 1956లో అచ్చయ్యాయి. ప్రాగ్ నగరంలో ఆంటొనిన్ స్వొబొడా బృందం కట్టిన సాపో కంప్యూటరులో ఒకే లెక్కను మూడు భాగాలు చేసేవి. ఏ జవాబుకు ఎక్కువ ఓట్లు వస్తే అదే సరి.

1967లో అల్గిర్దాస్ అవిజియెనిస్ అనే శాస్త్రవేత్త ఫాల్ట్ టాలరెంట్ కంప్యూటర్ల గురించి ఒక వ్యాసం రాశాడు. ఫాల్ట్ టాలరెంట్ అంటే లోపాన్ని ఓర్చుకునేది. లోపం రాదని కాదు, వచ్చినా పని ఆగదని అర్థం. ఈ శాస్త్రంలో ఫాల్ట్, ఎర్రర్, ఫెయిల్యూర్ అనేవి మూడూ వేరు. మా మగ్గాల భాషలో చెప్పాలంటే, నూలుపోగు బలహీనంగా ఉండడం ఫాల్ట్. అది తెగి బట్టలో గీత పడడం ఎర్రర్. ఆ చద్దరు అట్లనే కొన్నవారి ఇంటికి చేరడం ఫెయిల్యూర్. పోగు తెగితే మనం మగ్గం ఆపి ముడి వేస్తాం. కానీ బ్యాంకు కంప్యూటరును అట్ల ఆపలేం కదా!

అందుకే 1974లో అమెరికాలో జేమ్స్ ట్రైబిగ్, ఆయన మిత్రులు టాండెమ్ అనే కంపెనీ పెట్టారు. టాండెమ్ అంటే ఇద్దరు కలిసి తొక్కే సైకిలు. వారి మొదటి యంత్రం 1976లో సిటీబ్యాంకుకు వెళ్లింది. ఆ వరుస యంత్రాల పేరు నాన్‌స్టాప్. అందులో ప్రాసెసర్లను కలిపే దారులు కూడా రెండు. ప్రతి ప్రాసెసరూ సెకనుకోసారి "నేను బతికే ఉన్నా" అని మిగతావాటికి కబురు పంపేది. కబురు రాకపోతే దాని పనిని ఇంకొకటి అందుకునేది. ఇటువంటి కబురునే నేడు హార్ట్‌బీట్ అంటారు, అంటే గుండె చప్పుడు. పని చేయి మారడాన్ని ఫెయిలోవర్ అంటారు.

1983లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ వాక్స్‌క్లస్టర్‌ను తెచ్చింది. క్లస్టర్ అంటే గుత్తి. అందులోని ఒక్కో కంప్యూటరు నోడ్, అంటే చెరకుగడకు ఉండే కణుపు లాంటిది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్యలో కేబుల్ తెగితే రెండు వైపులవాళ్లూ అవతలివాళ్లు చచ్చిపోయారనుకుంటారు. ఇద్దరూ ఒకే డిస్కు మీద రాస్తే లెక్కలన్నీ పాడు. దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, రెండుగా చీలిన మెదడు అని. అందుకే సగంకన్నా ఎక్కువ ఓట్లు ఉన్న వైపే పని సాగించాలని నియమం పెట్టారు. దాని పేరు కోరం. మన సొసైటీ మీటింగులో "కోరం లేదు" అంటారే, ఆ మాటే.

రిడండెన్సీ అనే మాట మరీ విచిత్రం. మామూలు ఇంగ్లీషులో అది అక్కరలేని అదనం. సర్వర్ల దగ్గర మాత్రం అదే ప్రాణం. నేనైతే దాన్ని "తోడు" అంటాను.

1985లో టాండెమ్‌లో పనిచేసే జిమ్ గ్రే, యంత్రాలు ఎందుకు ఆగుతున్నాయో లెక్క తీశాడు. హార్డ్‌వేర్ వల్ల ఆగినవి 18 శాతమే. మనుషుల నిర్వహణ వల్ల ఆగినవి 42 శాతం. అంటే వస్తువులకు తోడు పెట్టినంత మాత్రాన చాలదు, వాటిని నడిపేవారికి విషయం బాగా అర్థం కావాలి.

సైకిలు, గుత్తి, కణుపు, గుండె చప్పుడు, కోరం. ఇవన్నీ ఇంటి మాటలే, వీధి మాటలే. ఇంగ్లీషువాళ్లు అవసరం వచ్చినప్పుడు తమ ఇంటి మాటలకు కొత్త పని అప్పజెప్పారు. ఆ పని మన మాటలకు కూడా చేతనవుతుంది. ఇంగ్లీషు పేర్లు కూడా నేర్చుకుందాం, పరీక్షకూ ఉద్యోగానికీ అవి కావాలి. కానీ ముందు సంగతిని మన భాషలో అర్థం చేసుకుంటే ఆ పేర్లు మనల్ని భయపెట్టవని నా అభిప్రాయం.