సాకెట్‌లో కూర్చుంది... తెర వెలగలేదు

2022 జులై. గోదావరి భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటిన నెల. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో వాన దంచుతోంది.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల నిండా బురద అడుగులు. వరండాలో తడిసిన అట్టపెట్టెల వాసన. ఆ ఇరుకు దుకాణాల మధ్య ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు జేబు మీంచి చెయ్యి తియ్యకుండా నిలబడ్డాడు. జేబులో 60 వేలు. సగం అక్క జీతంలో మిగిల్చింది, సగం సెలవుల్లో హనుమకొండ సందులన్నీ తిరిగి పార్సిళ్లు మోసి అతను కూడబెట్టింది. ఆ డబ్బుకి గేములు ఆడే కంప్యూటర్ రావాలి. ఒక్క పార్టు తప్పు పడితే మళ్లీ కొనడానికి రూపాయి లేదు.

"ఏం గావాలె తమ్మీ?"

కుర్రాడు మడత పెట్టిన కాగితం తీశాడు. రైజెన్ 5 5500. ఆ ఏడాది ఏప్రిల్లోనే వచ్చిన ప్రాసెసర్. ఆరు కోర్లు. కూలర్ పెట్టెలోనే వస్తుంది. దాని గురించి బేరమే లేదు. అసలు పోరు మదర్‌బోర్డు దగ్గర మొదలైంది.

"బీ550 తీస్కో. కొత్తది. నాలుగో తరం పీసీఐఈ ఉంటది."

"5500ల పీసీఐఈ మూడో తరమే గదన్నా. బోర్డు నాలుగోది అయితే నాకేం లాభం?"

దుకాణదారు తలెత్తి చూశాడు. నవ్వాడు. పై అరలోంచి బీ450 పెట్టె దించాడు. దాని మీద దుమ్ము. కుర్రాడు దుమ్మునైతే చూశాడు గానీ, అది ఎన్నాళ్ల దుమ్మో అడగలేదు.

తర్వాత గ్రాఫిక్స్ కార్డు. ధర చెప్పగానే గొంతు తడారింది. ఆర్‌ఎక్స్ 6600 కొంటే జేబు దాదాపు ఖాళీ. "అయితే 6500 ఎక్స్‌టీ తీస్కో, ఈ సంవత్సరమే వచ్చింది, ఎన్ని వేలు మిగుల్తయో జూడు" అన్నాడు దుకాణదారు. చెయ్యి దాని వైపు వెళ్లింది. ఆగింది. బోర్డుతో మాట్లాడ్డానికి ఆ కార్డుకి ఉన్నవి నాలుగే పీసీఐఈ లేన్లు. నాలుగో తరం బోర్డులో ఆ నాలుగూ సరిపోతాయేమో గానీ మూడో తరం బోర్డులో వాటి వేగం సగానికి పడిపోతుంది, పైగా సొంత మెమరీ 4 జీబీయే కాబట్టి గేము బరువెక్కిన ప్రతిసారీ అది కంప్యూటర్ ర్యామ్ వైపు పరుగెత్తాలి, ఆ పరుగంతా ఆ ఇరుకు దారిలోనే సాగాలి. 6600కి ఎనిమిది లేన్లు. 8 జీబీ.

"6600 ఇయ్యండి."

"కేబినెట్ తోటి ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ వస్తది. 450 వాట్లు."

"వైర్లు జూపియ్యరా?"

నల్లటి తీగల కట్ట బల్ల మీద పడింది. కుర్రాడు ఒక్కొక్కటే విడదీశాడు. కార్డుకి ఎనిమిది పిన్నుల తీగ కావాలి. అందులో లేనే లేదు. స్టిక్కర్ మీద 450 ఉంది గానీ దాన్ని కార్డుకి అందించే దారి లేదు. ఉచితం పక్కకి పోయింది. 550 వాట్ల బ్రాంజ్ ఎస్‌ఎంపీఎస్ బిల్లెక్కింది. ఎస్‌ఎస్‌డీ 250 జీబీకి తగ్గింది. అమ్మ కుట్టుమిషన్ డబ్బాలోంచి తెచ్చిన టేపు తీసి కేబినెట్ లోపల కొలిచాడు. కార్డు పడుతుంది. రెండు వేళ్ల సందు కూడా మిగులుతుంది.

బయట ఉరిమింది. రైలుకి టైమవుతోంది. సంచులు భుజానికెత్తుకుని, కాలు బయట పెడుతూ, ఆఖరి ప్రశ్న వేశాడు.

"ఈ బోర్డు మీద 5500 నడుస్తది గదన్నా?"

"సాకెట్ ఒక్కటే తమ్మీ. ఏఎం4. కూసుంటది."

అందులో అబద్ధం లేదు. కూర్చుంటుంది. నడుస్తుందా అన్నదానికి మాత్రం జవాబు రాలేదు.

రాత్రి ఎనిమిది. హనుమకొండ. కాజీపేటలో దిగి ఆటోలో ఇల్లు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పెట్టెలు మాత్రం పొడిగా ఉన్నాయి. చాప మీద దుప్పటి పరిచాడు. అక్క ఫోన్ లైటు పట్టుకుంది. ప్రాసెసర్ అడుగున 1331 పిన్నులు, వెంట్రుకల్లా. మూల మీద బంగారు రంగు త్రికోణం, సాకెట్ మీద త్రికోణం, రెండూ కలిపాడు. నొక్కలేదు. వదిలాడు. జారి కూర్చుంది. గడియ వేశాడు. కూలర్, ర్యామ్, కార్డు, తీగలు.

"నొక్కరా."

బటన్ నొక్కాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. కేబినెట్ ముందు ఎర్ర లైట్లు వెలిగాయి. అక్క చప్పట్లు కొట్టబోయి చేతులు గాల్లోనే ఆపేసింది.

తెర మీద ఒకటే మాట. నో సిగ్నల్.

"ఏమైందిరా?"

"వస్తలేదక్కా."

తీగ చూశాడు. హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుకి పెట్టాడు! 5500లో గ్రాఫిక్స్ ఉండవు, బొమ్మ రావాలంటే కార్డు నుంచే రావాలి. ఊపిరి పీల్చుకుని తీగ మార్చాడు. మళ్లీ నొక్కాడు. నో సిగ్నల్. ర్యామ్ పీకి పెట్టాడు. ఒకటే స్టిక్ ఉంచి చూశాడు. రెండో స్టిక్ ఉంచి చూశాడు. కార్డు తీసి మళ్లీ బిగించాడు. నో సిగ్నల్. అప్పుడు అక్క వంగి, బోర్డు మూల వైపు వేలు చూపించింది.

"గా ఎర్ర లైటేందిరా?"

ఆవగింజంత దీపం. దాని పక్కన మూడక్షరాలు. సీపీయూ.

ఆ దీపం కథ హనుమకొండలో మొదలు కాలేదు. ఏఎండీ 2017లో తొలి రైజెన్‌లతో ఏఎం4 సాకెట్‌ను జనం ముందుకి తెచ్చినప్పుడు 2020 దాకా ఇదే సాకెట్ అని మాటిచ్చింది. ఆ మాట నమ్మి చిన్న బడ్జెట్ వాళ్లు బీ450 బోర్డులు కొన్నారు: ఇవాళ చౌక ప్రాసెసర్, రేపు డబ్బులొచ్చాక అదే బోర్డు మీద మంచిది. 2020 మే 7న పిడుగు పడింది. రాబోయే తరం ప్రాసెసర్లు 500 సిరీస్ బోర్డుల మీదే నడుస్తాయంది కంపెనీ. ప్రతి ప్రాసెసర్‌నీ గుర్తుపట్టే కోడ్ బోర్డు మీది బయోస్ చిప్పులో ఉండాలి, చాలా పాత బోర్డుల్లో ఆ చిప్పు 16 మెగాబైట్లే, అన్ని తరాల కోడ్ అందులో పట్టదన్నది వాళ్లు చెప్పిన కారణం. కొన్నవాళ్లు ఊరుకోలేదు. ప్రపంచమంతా గొడవ. రెండు వారాలు తిరక్కుండానే, మే 19న, ఏఎండీ వెనక్కి తగ్గింది. 400 సిరీస్‌కీ దారి తెరిచింది. ఆ దారికి తాళం మాత్రం ఒకటుంది. కొత్త బయోస్ ఎక్కించాలి.

కుర్రాడు పెట్టె తిరగేశాడు. అడుగున తయారీ సంవత్సరం. 2019.

5500 పుట్టింది 2022లో. ఈ బోర్డు దాని పేరే వినలేదు.

కంపెనీ సైటులో ఆ బోర్డు పేజీ తెరిచాడు. సీపీయూ సపోర్ట్ లిస్ట్. వేలు కిందికి జారింది. 5500 ఉంది! పక్కనే ఏ బయోస్ నుంచి నడుస్తుందో రాసి ఉంది. అక్క మొహం వెలిగింది. "మరింకేంది, ఎక్కియ్యి."

"ఎక్కియ్యాలంటే బోర్డు లేవాలె గదక్కా. లేవాలంటే దానికి తెలిసిన పాత ప్రాసెసర్ గావాలె."

కొన్ని బోర్డులకి వెనక ఒక బటన్ ఉంటుంది; పెన్‌డ్రైవ్ గుచ్చి అది నొక్కితే ప్రాసెసర్ లేకపోయినా బయోస్ మారుతుంది. ఈ బోర్డు వెనక్కి తిప్పి చూశాడు. బటన్ లేదు. గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది. ఈ రాత్రప్పుడు పాత రైజెన్ ఎవరి దగ్గరుంటుంది?

నయీంనగర్‌లో ఒక గేమింగ్ సెంటర్. పది మెషీన్లు. కుర్రాడు ఇంటర్ చదివే రోజుల్లో గంటల లెక్కన డబ్బు కట్టి ఆడిన చోటు. కేబినెట్‌ను యూరియా సంచిలో చుట్టి, అక్క స్కూటీ వెనక కూర్చుని, మోకాళ్ల లోతు నీళ్లలోంచి వాళ్లు అక్కడికి చేరేసరికి ఓనర్ షట్టర్ సగం దించేశాడు.

"బంద్ జేస్తున్న తమ్మీ. ఈ మెషీన్లు గూడ అమ్మేస్తున్న. కొత్త గేములకు నడుస్తలేవు. ఎల్లుండి వచ్చి తీస్కపోతరు."

"అన్నా, వీటిల ఏ ప్రాసెసర్?"

"2200జీ."

కుర్రాడు షట్టర్ కింద నుంచి దూరాడు.

2200జీ. రైజెన్ మొదటి రోజులది. గ్రాఫిక్స్ దాంట్లోనే ఉంటాయి. 2019 బోర్డుకి అది పాత చుట్టమే. ఓనర్ కేబినెట్ తలుపు తీసి కూలర్ మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఆగన్నా! సల్లగున్నప్పుడు లాగొద్దు."

ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పేస్టు గట్టిపడి ఉంటుంది. కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా గడియ తెంచుకుని పైకి వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. మెషీన్ ఆన్ చేసి పది నిమిషాలు గేము ఆడించారు. వేడెక్కింది. ఆఫ్ చేశారు. కుర్రాడు మరలు విప్పి, కూలర్‌ను పైకి కాకుండా కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాడు. ఒకసారి. రెండుసార్లు. 'టిక్'మని ఊడింది. పిన్నులు నిటారుగా ఉన్నాయి.

2200జీ కొత్త బోర్డులోకి మారింది. కరెంటు వాడకం తగ్గాలని గ్రాఫిక్స్ కార్డు తీసి పక్కన పెట్టారు. బటన్ నొక్కగానే తెర మీద బయోస్! అక్క అరిచింది. కుర్రాడు అరవలేదు. ఫోన్లో బోర్డు పేజీ కింద చిన్న అక్షరాలు చదువుతున్నాడు. నేరుగా కొత్తది ఎక్కించకూడదట. ముందు మధ్యలో వచ్చిన ఒక వెర్షన్, ఆ తర్వాతే కొత్తది. ఒకటి కాదు, రెండుసార్లు.

"ఎక్కేటప్పుడు కరెంటు పోతే?" అడిగింది అక్క.

ఎవరూ మాట్లాడలేదు. సగం రాసిన బయోస్‌తో బోర్డు లేవదు. అన్నీ పోతాయి. ఓనర్ మూలనున్న యూపీఎస్ ఈడ్చుకొచ్చి మెషీన్‌కీ మానిటర్‌కీ తగిలించాడు. "బ్యాటరీ పాతది," అన్నాడు మెల్లగా.

మొదటిది ఎక్కింది. నూరు శాతం. మెషీన్ తనంతట తానే ఆగి లేచింది.

రెండోది మొదలైంది. పది. ఇరవై. నలభై. బయట గాలి లేచింది. రేకుల మీద వాన రాళ్లు విసిరినట్టుంది. యాభై రెండు.

వీధి మొత్తం చీకటైంది.

యూపీఎస్ కూత పెట్టింది. ముందు ఆగి ఆగి. తర్వాత తొందర తొందరగా. తెర మీద అరవై. ఓనర్ వంగి చీకట్లో తీగలు తడిమి ఒక ప్లగ్గు పట్టుకున్నాడు. "తెర తీసేస్తున్న. ఉన్న కరెంటంత బోర్డుకే పోనీ."

మానిటర్ ఆరిపోయింది. ఇప్పుడు శాతాలు లేవు. ఫ్యాను చప్పుడు, యూపీఎస్ కూత, వాన. మెషీన్ బతికుందో లేదో చెప్పేది ఆ ఫ్యాను ఒక్కటే, అది ఆగితే పని పూర్తయి ఆగిందో ప్రాణం పోయి ఆగిందో తెలిసే దారి లేదు, అక్క వేళ్లు తమ్ముడి భుజంలో దిగబడ్డాయి, యూపీఎస్ కూత ఒకటే కేకగా సాగింది.

ఫ్యాను ఆగింది.

ఒక్క క్షణం. మళ్లీ తిరిగింది.

కుర్రాడు నేల మీద చతికిలబడ్డాడు. "అయిందక్కా. తనంతట తనే లేసింది." మెషీన్‌ను వెంటనే ఆపేశాడు. యూపీఎస్ నోరు మూసుకుంది.

కరెంటు వచ్చేసరికి అర్ధరాత్రి. 5500 సాకెట్‌లోకి వెళ్లింది. కొత్త పేస్టు. కూలర్. కార్డు మళ్లీ స్లాటులోకి, ఎనిమిది పిన్నుల తీగ కార్డులోకి, హెచ్‌డీఎంఐ ఈసారి కార్డుకే. ఎర్ర దీపం వెలిగింది. ఆరింది. తెర మీద అక్షరాలు పడ్డాయి. రైజెన్ 5 5500.

మెమరీ వరసలో 2400 అని ఉంది. పెట్టె మీద రాసింది 3200. కొన్న వేగం దానంతటది రాదు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాడు. సేవ్ కొట్టాడు. 3200.

ఓనర్ తన పది మెషీన్ల వైపు తిరిగాడు. "తమ్మీ... నావి గూడ బీ450లే గదా? అంటే బోర్డులు పారెయ్య పన్లేదా? పొద్దుగాల్నే ఫోన్ జేస్తా. పది 5500లు తెప్పిస్తా."

"వద్దన్నా!"

"ఏందిరా మళ్ల?"

"నీ మెషీన్లల్ల కార్డుల్లేవు. బొమ్మ 2200జీ నుంచే వస్తున్నది. 5500 పెడితే పదికి పది తెరలు నల్లగైతయ్. నీకు 5600జీ గావాలె. దాంట్ల గ్రాఫిక్స్ ఉంటయ్. 2200జీ లెక్కనే 65 వాట్లది, సప్లై మార్చే పన్లేదు. అది గూడ ముందుగాల లిస్టుల జూసినంకనే."

"మరి బయోసు?"

"పాత ప్రాసెసర్ ఉండంగనే ఎక్కియ్యాలె. తీసినంక కాదు."

ఓనర్ ఫోన్ తీశాడు. ఎల్లుండి వచ్చేవాళ్లకి రావద్దని మెసేజ్ పెట్టాడు. టార్చి వెలిగించి మొదటి మెషీన్ పక్క తలుపు ఊడదీశాడు. కుర్రాడు బోర్డు పేరు పైకి చదివాడు. అక్క లిస్టులో వెతికింది.

"ఉందిరా, 5600జీ ఉంది!"

"ఏ బయోస్ నుంచి, అక్కా?"

ఆమె నంబరు చెప్పింది. అతను మెషీన్ ఆన్ చేసి, డిలీట్ నొక్కి, తెర మీది నంబరుతో పోల్చాడు.

"పాతదే అన్నా. రేపు కొత్త బ్యాటరీ తే. పదింటికీ ఎక్కిద్దాం."