ఆస్తి కోసమేనా ఈ బ్రహ్మచర్యం?

చాంపియన్ రీఫ్స్ విజయమాత కథోలిక చర్చి ఫాదర్‌గారికి సంసారం లేదు. అదే గనుల ఊళ్లో ప్రొటెస్టెంట్ సీఎస్‌ఐ అయ్యగారు పెళ్లి చేసుకోవచ్చు. ఎందుకీ తేడా అంటే చాలామంది చెప్పే జవాబు ఒకటే: ఫాదర్ల పిల్లలకు చర్చి ఆస్తి పోకుండా పన్నెండో శతాబ్దంలో పోపులు పెట్టిన రూలట. ఈ మాట నాకు సగమే నిజంగా కనిపిస్తోంది.

పేతురుకు అత్త ఉందని సువార్తే చెబుతుంది. తొలి శతాబ్దాల గురువుల్లో పెళ్లయినవాళ్లు చాలామందే. అసలు చూడవలసింది 385లో పోపు సిరీసియస్ స్పెయిన్ బిషప్పు హిమేరియస్‌కు రాసిన ఉత్తరం. పాత నిబంధన యాజకులకు పిల్లలుండేవారు కదా అని కొందరు గురువులు వాదిస్తున్నారు. దానికి పోపు జవాబు ఇది: ఆ యాజకులు వంతులవారీగా సేవ చేసేవారు, వంతు నడిచినన్నాళ్లు ఇంటికి పోయేవారు కారు; మన గురువుకు వంతు లేదు, బలిపూజ రోజూ ఉంటుంది, కనుక సంయమమూ రోజూ ఉండాలి. ఈ వాదనలో ఆస్తి ఊసే లేదు. ఉన్నదల్లా మడి.

ఆస్తి బెంగ లేదని కాదు. 1022లో పావియా సభ గురువుల పిల్లలను, తల్లి స్వతంత్రురాలైనా సరే, చర్చికి దాసులుగా ప్రకటించింది. అది పొలాల లెక్కే. కానీ అప్పటికి సిరీసియస్ ఉత్తరం రాసి ఆరు వందల ఏళ్లు దాటింది. 1139లో రెండో లాటరన్ సభ బ్రహ్మచర్యాన్ని కనిపెట్టలేదు. అంతవరకు తప్పుగా ఎంచిన గురువు పెళ్లిని అసలు పెళ్లే కాదంది.

మన దక్షిణాదిన తోమా క్రైస్తవుల గురువులకు ఒకప్పుడు పెళ్లి మామూలే. 1599లో ఉదయంపేరూరు సభలో గోవా ఆర్చిబిషప్పు మెనెజిస్ దాన్ని నిషేధించాడు. ఆ గనుల ఊరున్న మైసూరు సీమకు ఈ చట్టం యూరప్ మిషనరీ గురువులతో తయారుగానే వచ్చింది.

1967లో పోపు ఆరో పౌలు మడిని వెనక్కి నెట్టి, చీలని మనసుతో చేసే సేవను ముందుకు తెచ్చాడు. 1983 చర్చి చట్టంలోని 277వ నిబంధనదీ అదే దారి. ఆ పిలుపును మనసారా అందుకున్నవారంటే నాకు గౌరవం. అందరినీ దానికి కట్టేయడమే నాకు మింగుడుపడదు. తూర్పు కథోలిక సంఘాల 1990 చట్టం పెళ్లయిన గురువులను గౌరవించమంటోంది. ఆంగ్లికన్ సంఘం నుంచి వచ్చిన పెళ్లయిన పాస్టర్లకూ గురుపట్టం ఇస్తున్నారు. అమెజాన్ అడవుల్లో పూజకు గురువుల్లేక పెళ్లయిన పెద్దలకు పట్టం ఇవ్వమని 2019 అమెజాన్ బిషప్పుల సభ అడిగింది. 2020లో పోపు ఫ్రాన్సిస్ తన జవాబులో ఆ మాటే ఎత్తలేదు. అవుననో కాదనో చెప్పవలసింది. ఆ ప్రశ్నను మళ్లీ అడగడానికి మన దక్షిణాది బిషప్పులకు 1599కి ముందటి చరిత్రే ఆధారం.