గేటు దాటిన లారీలు

1994 ఏప్రిల్ 11, సోమవారం. రువాండా రాజధాని కిగాలీలో కిచుకిరో అనే పేట. డాన్ బాస్కో ఫాదర్ల సాంకేతిక పాఠశాల ఆవరణలో మీరున్నారు. కాలు పెట్టడానికి చోటు లేదు. తరగతి గదులు, వరండాలు, ఆటస్థలం, ఎక్కడ చూసినా జనమే. దాదాపు రెండు వేలమంది. ఎక్కువమంది టుట్సీలు. హంతకులకు గిట్టని హుటూలూ వాళ్లలో ఉన్నారు. అధ్యక్షుడి విమానం కూలి అయిదు రోజులైంది. ఆ రాత్రి నుంచే ఊళ్లో టుట్సీల వేట మొదలైంది.

గేటు వైపు చూడండి. నీలం హెల్మెట్లు పెట్టుకున్న బెల్జియం సైనికులు, సుమారు తొంభైమంది. ఐక్యరాజ్య సమితి పంపిన శాంతి దళం వాళ్లది. గేటు బయట ఇంటరహామ్వే అనే హుటూ సాయుధ మూక. చేతుల్లో పొడుగాటి కత్తులు, దుడ్డుకర్రలు. తాగుతున్నారు, అరుస్తున్నారు, లోపలికి మాత్రం అడుగు పెట్టడం లేదు. వాళ్లను ఆపుతున్నది ఆ తొంభై తుపాకులే.

కానీ ఆ తుపాకులకో షరతుంది. 1993లో అరూషాలో కుదిరిన శాంతి ఒప్పందం అమలును చూడటానికి వచ్చిన దళమిది. తమ ప్రాణం మీదికి వస్తేనే కాల్చాలన్నది దాని కట్టుబాటు. దళాధిపతి, కెనడాకు చెందిన జనరల్ రోమియో డలైర్, నియమావళి ముసాయిదాలో 17వ పేరా ఒకటి చేర్చాడు. జాతి పేరుతోనో రాజకీయం పేరుతోనో నేరాలు జరిగితే, వాటిని ఆపడానికి చేతనైన మార్గాలన్నీ వాడవలసి ఉంటుందని దాని సారాంశం. ముసాయిదా న్యూయార్క్ చేరింది. దానికి ఆమోదం మాత్రం తిరిగి రాలేదు.

ఫ్రెంచి సైనికులు వచ్చారు. ఆవరణలో కాసేపు ఆశ కదిలింది. వాళ్లు తెల్లవాళ్లను వెతికి బండి ఎక్కిస్తున్నారు. ఫాదర్లు, విదేశీయులు ఎక్కారు. నల్లవాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఇప్పుడు బెల్జియం సైనికులూ సామాన్లు సర్దుతున్నారు. నాలుగు రోజుల కిందటే, ప్రధానమంత్రి అగతె ఉవిలింగియిమానకు కాపలా వెళ్లిన వాళ్ల సహచరులు పదిమందిని రువాండా సైనికులు చంపేశారు. ఇక ఈ దేశంలో తమవాళ్లు ఉండకూడదన్న మాట బెల్జియంలో బలపడింది. విమానాశ్రయానికి రమ్మని ఇక్కడి సైనికులకు ఆజ్ఞ వచ్చింది.

ఇంజిన్లు మొదలయ్యాయి. జనం లేచి బండ్ల ముందుకు పరుగెత్తారు. కొందరు చక్రాలకు అడ్డంగా పడుకున్నారు. కత్తులకు వదిలేసే బదులు మీరే కాల్చి చంపండని కొందరు వేడుకుంటున్నారు. సైనికులు గాల్లోకి కాల్చి దారి చేసుకున్నారు. ఈ జనంలో బోనిఫేస్ ఎన్గులింజిరా ఉన్నాడు, మాజీ విదేశాంగ మంత్రి. అరూషా ఒప్పందం కోసం బల్ల దగ్గర కూర్చుని బేరసారాలు నడిపినవాడు ఆయనే. ఆ ఒప్పందానికి కాపలా వచ్చిన దళం ఆయన్ను ఇక్కడే వదిలి వెళుతోంది.

చివరి లారీ గేటు దాటింది. ఇంకా ఆ దుమ్ము అణగనే లేదు, మూక లోపలికి వచ్చేసింది.

తప్పించుకోగలిగినవాళ్లు పరుగెత్తారు. మిగతావాళ్లను దారిలో ఆపి, న్యాంజా గుట్ట వైపు నడిపించారు. గుట్ట మీద గ్రెనేడ్లు, తుపాకులు, ఆ తర్వాత కత్తులు. శవాల కింద ఊపిరి బిగబట్టుకుని పడి ఉన్న కొద్దిమందే మిగిలారు. ఎన్గులింజిరా కూడా ఆ రోజే హతుడయ్యాడు.

పది రోజుల తర్వాత, ఏప్రిల్ 21న, న్యూయార్క్‌లో భద్రతా మండలి చేతులెత్తి ఓటు వేసింది. మారణకాండ మొదలైనప్పుడు సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించాలని తీర్మానం. అన్ని చేతులూ లేచాయి. వాటిలో రువాండా ప్రభుత్వ ప్రతినిధి చెయ్యి కూడా ఉంది, ఆ ఏడు ఆ దేశం మండలి సభ్యురాలు. వంద రోజుల్లో పోయిన ప్రాణాలు ఎనిమిది లక్షలకు పైనే అంటారు.

కంచే చేను మేస్తే ఎవరు అడ్డుపడాలి? కెనడా చొరవతో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2001లో ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పింది: రక్షించే బాధ్యత. 2005 ప్రపంచ శిఖరాగ్ర సభ తన ప్రకటనలో 138, 139 పేరాల్లో దాన్ని ఒప్పుకుంది. జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, జాతుల ఏరివేత, మానవాళిపై నేరాలు: ఈ నాలుగింటి నుంచి ప్రజలను కాపాడటం ముందుగా వాళ్ల ప్రభుత్వం పని. అది బొత్తిగా చేతులెత్తేస్తే, భద్రతా మండలి ద్వారా ప్రపంచం కదలాలి. బలప్రయోగానికైనా సరే.

2011లో లిబియా విషయంలో మండలి కదిలింది. అనుకూలంగా పది ఓట్లు, భారత్‌తో సహా అయిదు దేశాలు తటస్థం. పౌరుల రక్షణ కోసమని మొదలైన దాడులు ఆ దేశ పాలకుడు గద్దాఫీ పతనం దాకా సాగాయి. అది చూపించి, సిరియా మీద తీర్మానాలను రష్యా, చైనా వీటో చేశాయి. పేరా ఉంది. దాన్ని కదిలించే చేతులు మాత్రం అప్పటిలాగే మండలి బల్ల చుట్టూనే ఉన్నాయి.

2000 ఏప్రిల్‌లో బెల్జియం ప్రధాని గై వెర్‌హాఫ్‌స్టాట్ కిగాలీ వచ్చి క్షమాపణ చెప్పాడు. న్యాంజా గుట్ట మీద ఇప్పుడు స్మారకం ఉంది. ఏటా ఏప్రిల్ 11న బతికి బయటపడ్డవాళ్లు, పోయినవాళ్ల బంధువులు అక్కడ గుమిగూడతారు.