తోడు వచ్చిన పాత్రలు: ఫ్యాంటసీ గేముల్లో సహచర మాడ్‌ల చరిత్ర

చరిత్ర పాఠంలో వీడియో గేముల ప్రస్తావన ఏమిటని మీకు అనిపించవచ్చు. ఒక కాలపు మనుషులు జీతం లేకుండా, ఎవరూ అడగకుండా, ఏళ్ల తరబడి కూర్చుని ఏం చేశారన్నది కూడా చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్నే. ఈ భాగంలో అటువంటి ఒక పనిని పరిశీలిద్దాం.

హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి 1998 నవంబరు 22న ప్రారంభించారు. నెల తిరగకముందే, డిసెంబరు 21న, కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ సంస్థ తయారుచేసిన 'బాల్డర్స్ గేట్' అనే గేమ్ విడుదలైంది. ఈ రెండింటికీ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. గోపన్‌పల్లి అప్పటికి శేరిలింగంపల్లి మండలంలోని ఒక గ్రామం. ఇవాళ అదే గోపన్‌పల్లిలో గాని, పక్కనున్న నల్లగండ్ల, గచ్చిబౌలిలో గాని షిఫ్టు ముగించుకుని వచ్చి ఈ పుస్తకం తెరిచినవారు మీలో ఉండవచ్చు. ప్యాచ్, బ్యాకప్, అన్‌ఇన్‌స్టాల్ అన్న మాటలు మీకు రోజూ వాడుకలో ఉన్నవే. మనం చెప్పుకోబోయే చరిత్ర చాలావరకు ఆ మాటల చుట్టూనే నడిచింది.

మాడ్ అంటే ఏమిటి?

ఫ్యాంటసీ రోల్ ప్లేయింగ్ గేములో ఆటగాడు ఒక వీరుడి పాత్ర ధరించి కల్పిత లోకంలో తిరుగుతాడు. దారిలో కొందరు అతనితో చేరతారు. వీరిని సహచర పాత్రలు అంటారు. బాల్డర్స్ గేట్‌లో ఇటువంటివారు 25 మంది. అయితే నాయకుడితో కలిపి జట్టులో ఆరుగురికే చోటు. ఈ సహచరులు యుద్ధం చేయడంతో సరిపెట్టుకోరు. వాదించుకుంటారు, అలుగుతారు, నాయకుడి నడత నచ్చకపోతే విడిచిపోతారు. గేము తయారైన తరువాత ఆటగాళ్లు తమంతట తాము దానిలో చేసే మార్పును మాడ్ అంటారు. కొత్త సహచరుణ్ణి చేర్చే మార్పు సహచర మాడ్.

ఒక కథాలోకంలోకి మూలంలో లేని పాత్రను తెచ్చి కూర్చోబెట్టడం తెలుగువారికి తెలియని పని కాదు. వ్యాస భారతంలో అభిమన్యుడి భార్య ఉత్తర. బలరాముడి కూతురు శశిరేఖ అందులో ఎక్కడా కనిపించదు. ఆమె మన జానపదుల, నాటకకర్తల సృష్టి. 1957 మార్చి 27న విడుదలైన విజయా వారి 'మాయాబజార్' చూసి పెరిగిన మనలో చాలామందికి ఆమె లేని భారతమే వింతగా తోస్తుంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. శశిరేఖ వచ్చిందని కురుక్షేత్రం ఆగలేదు, ఉత్తరా పరిణయం రద్దు కాలేదు. మూలకథను చెరపకుండా దాని సందుల్లో ఆమె ఒదిగిపోయింది. మంచి సహచర మాడ్‌కూ ఇదే లక్షణం. తేడా ఒక్కటే: భారతానికి యజమాని లేడు, గేముకు ఉన్నాడు. ఈ తేడా ముందు ముందు పేచీ తెచ్చింది.

చెరపకుండా చేర్చడం

రెండవ బాల్డర్స్ గేట్ 2000 సెప్టెంబరులో వచ్చింది. ఈ గేములను మార్చుకోవడానికి బయోవేర్ ఏ పనిముట్టునూ ఇవ్వలేదు. అభిమానులే ఫైళ్లను విప్పి, ఏ బైటులో ఏముందో ఒక్కొక్కటిగా తేల్చి రాసుకున్నారు. లిపి తెలియని శాసనాన్ని చదివినట్టే ఉంటుంది ఆ పని.

గేములోని మాటలన్నీ డైలాగ్.టీఎల్‌కే అనే ఒకే పెద్ద ఫైలులో ఉండేవి. తొలినాళ్ల మాడ్ రచయితలు తమ మాటలు చేర్చిన ఈ ఫైలును మొత్తంగా పంచిపెట్టేవారు. దాన్ని వేసుకుంటే అంతకుముందు ఉన్న ఫైలు పోయేది. అంటే ఒకరి పాత్రను చేర్చుకుంటే మరొకరి పాత్ర మూగబోయేది. ఇద్దరు ఉద్యోగులు ఒకే ఫైలును విడివిడిగా మార్చి, రెండోవాడు మొదటివాడి పనిని తుడిచేసిన సందర్భం మీరెరిగే ఉంటారు. సరిగ్గా అదే చిక్కు.

దీనికి పరిష్కారం చూపినవాడు వెస్ట్లీ వీమర్ అనే కంప్యూటర్ సైన్స్ విద్యార్థి. ఆ గేములో సోలోఫీన్ అనే చిన్న పాత్ర ఉంది. పాతాళంలాంటి ఒక నగరంలో కాసేపు కనిపించి వెళ్లిపోతాడు. అతణ్ణి పూర్తిస్థాయి సహచరుడిగా మార్చాలని వీమర్ పూనుకున్నాడు. ఆ పనికోసం రాసుకున్న ప్రోగ్రామే వైడూ. ఇది ఆటగాడి కంప్యూటరులో అప్పటికే ఉన్న ఫైలును చదివి, చివర కొత్త మాటలు కలిపి, పాతదాన్ని బ్యాకప్‌గా దాచేది. వద్దనుకుంటే తీసేయవచ్చు. మధ్యలోని మాడ్‌ను తీయాలంటే దాని తరువాత వేసినవాటిని తాత్కాలికంగా విప్పి, మళ్లీ వరుసగా వేసేది. పళ్లెల దొంతరలో కింది పళ్లెం తీయడానికి పైవాటిని దించినట్టు. ఇవాళ ఒకే గేములో పదుల కొద్దీ మాడ్‌లు కలిసి బతుకుతున్నాయంటే ఈ చిన్న ప్రోగ్రాము చలవే. వీమర్ తరువాత ఆచార్యుడై, ప్రోగ్రాములలోని తప్పులను ప్రోగ్రాములే సరిదిద్దుకునే పద్ధతిపై 2009లో వెలువడిన ప్రసిద్ధ పరిశోధనలో భాగస్వామి అయ్యాడు. రెండు పనుల మధ్య చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది.

వైడూ తెచ్చిన మరో మార్పు అనువాదం. మాడ్‌లోని వాక్యాలన్నిటికీ సంఖ్యలిచ్చి విడి ఫైలులో పెట్టారు. ఆ ఒక్క ఫైలును తర్జుమా చేస్తే చాలు, ప్రోగ్రామును ముట్టుకోనక్కరలేదు. అలా ఫ్రెంచి, జర్మన్, పోలిష్, రష్యన్ భాషల్లోకి ఎన్నో సహచర పాత్రలు వెళ్లాయి.

ఈ రచయితల మధ్య కట్టుబాట్లు కూడా పుట్టాయి. గేములో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు మించరాదు. ఇద్దరు ఒకే పేరు పెడితే గొడవ. అందుకని ఒక్కో రచయిత రెండేసి అక్షరాల ఆరంభాన్ని ముందుగా నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. మన ఇంటిపేర్లలాగే, అక్షరాలు చూస్తే ఎవరి పాత్రో తెలిసిపోతుంది.

ఎవరు రాశారు, ఎందుకు రాశారు?

రెండవ బాల్డర్స్ గేట్‌లో నాయకుడు పురుషుడైతే ప్రేమించడానికి ముగ్గురు స్త్రీలున్నారు. నాయకురాలు స్త్రీ అయితే ఉన్నది ఒకే ఒక్క పురుషుడు, ఆనోమెన్. అతడి ధోరణి చాలామందికి నచ్చలేదు. తొలి తరం సహచర మాడ్‌లలో ప్రేమకథలు అంత ఎక్కువగా ఎందుకున్నాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. సోలోఫీన్ కథ కూడా ఆ ఖాళీని పూరించినదే. తయారీదారులు ఊహించుకున్న ఆటగాడు ఒకరు, నిజంగా ఆడినవారు వేరొకరు. ఆ మధ్య దూరాన్ని కొలవడానికి మాడ్‌ల జాబితా కన్నా మంచి ఆధారం దొరకడం కష్టం.

అమెరికాలో బెథెస్డా సంస్థ వేరే దారి పట్టింది. 2002లో 'మారోవిండ్' గేముతో పాటే దాన్ని మార్చుకునే పనిముట్టును కూడా ఇచ్చింది. 2006లో వచ్చిన 'ఆబ్లివియన్'కూ అదే పద్ధతి. ఈ గేములలో తయారీదారులు పెట్టిన సహచరులు అంతంతమాత్రం. ఆటగాడు ఎక్కువగా ఒంటరిగా తిరుగుతాడు. కనుక తోడు కావాలనే కోరిక ఇక్కడ మరింత బలంగా కనిపిస్తుంది.

ఆబ్లివియన్‌కు స్వీడన్‌కు చెందిన ఒక మహిళ మరొకరితో కలిసి విల్యా అనే సహచరిని తయారుచేశారు. వాగుడుకాయ, మంచి మనసు, కాస్త తిక్క. ఆమెను ఇష్టపడ్డ ఆటగాళ్లలో బ్రిటన్ రచయిత టెర్రీ ప్రాచెట్ ఒకరు. 'డిస్క్‌వరల్డ్' నవలలతో లోకమంతా పేరుపొందిన ప్రాచెట్, అభిమానులు చేసుకుంటున్న ఈ ఉచిత పాత్రకు సంభాషణలు రాసి ఇచ్చారు. 2007 డిసెంబరులో ఆయన తనకు అల్జీమర్స్ వ్యాధి సోకినట్టు ప్రకటించారు. ఆయనకు వచ్చిన రకం ముందుగా చూపును, దిక్కు పోల్చుకునే శక్తిని దెబ్బతీస్తుంది. ఆట లోపలి గుహల్లో దారి తప్పడం ఆయనకు మామూలైంది. అప్పుడు విల్యాకు ఒక కొత్త విద్య నేర్పారు. దారి తెలియడం లేదని చెబితే ఆమె ముందు నడిచి బయటికి తీసుకువెళుతుంది. ఆ విద్య మాడ్‌ను వేసుకున్న అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఎవరికోసం పెట్టారో చాలామందికి తెలియదు. ఈ సంగతి పత్రికలకెక్కింది 2019లో. ప్రాచెట్ 2015 మార్చిలోనే కన్నుమూశారు.

మార్కెట్ లెక్కల్లో ఎక్కడా కనబడని ఇటువంటి పనిని ఏమని పిలవాలి? వినోదమా, శ్రమా, సేవా? మీ జవాబును పది వాక్యాలలో రాసుకుని, కింది భాగం చదివాక మళ్లీ చూసుకోండి.

గొంతు, డబ్బు

2011 నవంబరు 11న 'స్కైరిమ్' వచ్చింది. దాని పనిముట్టు క్రియేషన్ కిట్ 2012 ఫిబ్రవరిలో విడుదలైంది. బాల్డర్స్ గేట్ కాలంలో మాటలు ఎక్కువగా తెరమీద చదువుకునేవే గనుక, రాయగలిగితే చాలు. స్కైరిమ్‌లో ప్రతి పాత్రా నోరు విప్పి మాట్లాడుతుంది. మూగ సహచరుణ్ణి ఎవరూ ఒప్పుకోరు. ఇనీగో అనే పిల్లిజాతి సహచరుడికి 7000కు పైగా మాటలున్నాయి. రాసిందీ, గొంతునిచ్చిందీ ఒకే మనిషి. ఇటీవల కొందరు కృత్రిమ మేధతో అసలు నటుల గొంతును అనుకరించి కొత్త మాటలు పలికించడం మొదలుపెట్టారు. నటులు అభ్యంతరం చెప్పారు. అది ఇంకా తెగని తగవు.

డబ్బు తగవు మాత్రం నాలుగు రోజుల్లో తేలింది. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా సంస్థలు కలిసి స్కైరిమ్ మాడ్‌లను అమ్ముకునే వీలు కల్పించాయి. వచ్చిన డబ్బులో తయారుచేసినవారికి 25 శాతం, మిగతాది రెండు కంపెనీలకు. ఆటగాళ్లు భగ్గుమన్నారు. ఏప్రిల్ 27న పథకాన్ని ఉపసంహరించారు. దీన్ని అభిమానుల గెలుపుగా రాయడం రివాజు. నాకు అంత సులువుగా తోచదు. కంపెనీ వాటా ఎక్కువన్నవారు కొందరైతే, అసలు రచయితకు పైసా కూడా ముట్టకూడదన్నవారు మరికొందరు. వేల గంటలు పనిచేసినవాడికి కూలి అడిగే హక్కు లేదనడం కూడా ఈ గెలుపులో కలిసి ఉంది.

తెలుగు మాట ఏమిటి?

ఫ్రెంచి, పోలిష్ మాట్లాడిన సహచరులు తెలుగు ఎందుకు మాట్లాడలేదు? ఆసక్తి లేకనే అనుకోవడం తొందరపాటు. బాల్డర్స్ గేట్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న బొమ్మ ఉంటుంది. యంత్రం ఆ బొమ్మలను వరుసగా పేరుస్తుంది. రోమన్ లిపికి అది సరిపోతుంది. తెలుగుకు సరిపోదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. వీటిని కలిపి ఒకే ఆకారంగా మలిచే పని గేములోని యంత్రానికి ఎవరూ నేర్పలేదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. సంకేతాలు ఉండటం వేరు, వాటిని మలిచే శక్తి ఉండటం వేరు. బయోవేర్‌ను కొనుగోలు చేసిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. అంటే గేములు తయారయ్యే ఊరే ఇది. ఇక్కడ మనిషి ఉన్నాడు, లిపికే ఇంకా తలుపు తెరవలేదు. గొంతుకు మాత్రం ఈ అడ్డు లేదు. స్కైరిమ్‌లో ధ్వని ఫైలు ఏ భాషలో ఉన్నదీ యంత్రం పట్టించుకోదు.

ఈ చరిత్ర రాయదలచినవారికి ముఖ్యమైన ఆధారం రీడ్‌మీ ఫైలు. ప్రతి మాడ్‌తోనూ రచయిత స్వయంగా రాసిన ఒక చిన్న పత్రం ఉంటుంది: ఎప్పుడు మొదలుపెట్టాడు, ఎవరు సాయపడ్డారు, ఏ సంచికలో ఏం మార్చాడు, ఎవరికి కృతజ్ఞతలు. మెకంజీ సేకరించిన గ్రామ కైఫీయతులను చదివినట్టే వీటిని చదవాలి. తేదీలను సరిచూసుకోవాలి, గొప్పలను తగ్గించుకోవాలి, వదిలేసిన పేర్లను వెతకాలి. కైఫీయతులు కాగితం మీద ఉన్నాయి గనుక రెండు శతాబ్దాలు నిలిచాయి. రీడ్‌మీలు ఉన్న సర్వరుకు అద్దె కట్టే మనిషి ఆగిపోయిన నెల అవి కూడా పోతాయి. అలా పోయిన సహచరులు ఇప్పటికే ఉన్నారు. వారి పేర్లు ఇతర మాడ్‌ల కృతజ్ఞతల వరుసలో మాత్రమే మిగిలాయి.