జలయానమున గ్రంథపఠనము: పడవ గ్రంథాలయము మొదలు విద్యుత్పలక వరకు

భాగవతము అష్టమ స్కంధమున మత్స్యావతార కథ గలదు. హయగ్రీవుడను దానవుడు వేదముల నపహరించెను. జనశ్రుతిలో వీనినే సోమకుడందురు. ప్రళయజలమున సత్యవ్రతుడను రాజు, సప్తర్షులు, సమస్త బీజములు, ఓషధులు ఒక నావ నెక్కగా, ఆ నావను వాసుకి అను సర్పముతో మత్స్యమూర్తి కొమ్మునకు గట్టిరి. పౌరాణికులు ఈ ఘట్టమును చెప్పునపుడు మత్స్యము యొక్క దేహ ప్రమాణమును వర్ణించుటలో కాలము గడిపి, తరువాతి సంగతిని త్వరగా దాటుదురు. నావ సాగుచుండగా రాజు జ్ఞానోపదేశమును కోరెను. చుట్టును దరి కానరాని నీటి నడుమ కూర్చుండి దానిని వినెను. దాహమును అన్నమును అటుండగా, నడిసముద్రమున మానవునకు కావలసినది విద్య యని ఆ కథ చెప్పిన వారికి తోచినది. వేదములు నీట మునుగుట, అవి తిరిగి లభించుట, పడవలో పాఠము జరుగుట అను మూడును ఒక్క కథలో నిమిడియున్నవి.

ఈ ప్రసంగము మార్కాపురము, గిద్దలూరు, కంభము సీమలవారికి వింతగా తోచవచ్చును. ఈ సీమకు పడవ ప్రయాణము తెలియదు. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము చెరువును నింపి, తూర్పునకు ప్రవహించి సముద్రమున గలయుచున్నను, దానిపై సరకుల పడవ నడచిన మార్గము లేదు. ఇచటికి గ్రంథము వచ్చిన త్రోవ బండి త్రోవ, పిమ్మట గుంతకల్లు గుంటూరు రైలు త్రోవ. కాని చదువునకు ఆధారమగు వస్తు వొకటి ఈ సీమనుండియే దేశమంతటికి పోయినది. అది మార్కాపురము పలక. భూమిలో పొరలు పొరలుగా నుండు నల్లరాతిని తీసి, పలుచగా చీల్చి, నునుపు చేసి, కొయ్య చట్రము బిగించి పంపిన ఆ పలకపై ఎన్ని రాష్ట్రముల బాలురు తొలి అక్షరములను దిద్దిరో లెక్కించుట ఎవరికిని శక్యము కాదు. పలక గుణ మొక్కటే: వ్రాసినది తుడిచిన పోవును, మరల వ్రాయవచ్చును. ఈ గుణమే రూపాంతరమున మరియొక పలకలో ప్రవేశించి ఓడ లెక్కిన చరిత్ర చెప్పదగినది.

సముద్రయానము చేసిన తెలుగువారిలో మొదటి తరముల వారికి నీటిపై పుస్తకము గాని వార్త గాని లేదు. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపట్టణమున బయలుదేరిన ట్రూరో అను నావ నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. చెరకుతోటల పనికి ఒడంబడిక వ్రాసియిచ్చి పోయిన కూలీలలో తెలుగువారును గలరు. ముప్పదియైదు దినములు వారికి ఇంటి కబురు లేదు. ఇంటివారికి వారి కబురు లేదు. నాటి ఓడలో గ్రంథము చదువుట, వ్రాయుట పై తరగతుల వారికి చెల్లిన భోగము. 1909 నవంబరులో కిల్డోనన్ కాజిల్ అను ఓడలో ఇంగ్లండునుండి దక్షిణాఫ్రికాకు పోవుచు గాంధీ మహాత్ముడు హింద్ స్వరాజ్ గ్రంథమును ఓడవారి కాగితములపైననే వ్రాసెను. కుడిచేయి నొచ్చినపుడు ఎడమచేతితో వ్రాసెనని ప్రసిద్ధి.

నీటిపై సామాన్యునకు పుస్తకము నందించిన ఘనత మన కృష్ణా పశ్చిమ డెల్టాకు గలదు. 1855 నాటికి బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట త్రవ్వబడిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారులైనవి. కొమ్మమూరు కాలువ పెదగంజాము యొద్ద బకింగుహాము కాలువతో కలియుటచే కృష్ణాతీరమున పడవ యెక్కినవాడు చెన్నపట్టణము వరకు నీటిపైననే పోగలిగెను. ధాన్యము, ఉప్పు, కట్టెలు, పెండ్లివారు అందరును పడవలపైననే. ఆ ప్రయాణము మందము. లాకుల యొద్ద నీటిమట్టములు సమమగువరకు పడవ నిలువవలెను. చేతినిండ కాలము, చేయుటకు పని లేమి. చదువరి కింతకంటె అనుకూలమైన స్థితి వేరొకటి గలదా?

ఈ యవకాశమును గుర్తించినవాడు తెనాలి ప్రాంతమునందలి పెదపాలెము నివాసి పాతూరి నాగభూషణము. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము స్థాపితమై, అయ్యంకి వెంకటరమణయ్య కృషిచే గ్రంథాలయోద్యమము ఊరూర వ్యాపించియుండిన కాలమది. నాటి మన తాలూకాలు చేరియుండిన కర్నూలు జిల్లా యందు జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఆ యుద్యమమునకు పెద్దదిక్కు. 1931లో తమిళదేశమున మన్నారుగుడి యొద్ద ఎడ్లబండిపై పుస్తకము లుంచి పల్లెలు త్రిప్పిరి. అదే సంవత్సరమున రంగనాథన్ తన అయిదు గ్రంథాలయ సూత్రములను ప్రకటించెను. ప్రతి పాఠకునకు వాని గ్రంథము, ప్రతి గ్రంథమునకు దాని పాఠకుడు అనునవి వానిలోనివి. ఎడ్లబండి పోలేని చోట, పడవ మాత్రమే పోవు చోట ఏమి చేయవలెనను ప్రశ్నకు నాగభూషణము 1935లో ఆచరణచే సమాధాన మొసగెను. కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువపై నడచు పడవలో గ్రంథాలయము వెలసెను. పడవలో కూర్చున్నవాడు చదువుకొనెను. గట్టునున్న గ్రామమువాడు పడవ నిలిచినపుడు పుస్తకము తీసికొనెను. చదువురానివాడు పక్కవాడు చదువగా వినెను. ఆనాటి పల్లెలలో ఒక పుస్తకమునకు పాఠకు డొక్కడైనను శ్రోతలు పదిమంది యుండెడివారు.

ఇందు గమనింపవలసిన దేమనగా, కాలువ ప్రభుత్వముది, పడవ వ్యాపారముది, పుస్తకము ప్రజలది. పడవ యజమాని కిరాయి తీసికొనును గాని పుస్తకము చదివినందుకు కాదు. తరువాత రోడ్లు వచ్చెను, బస్సులు వచ్చెను, కాలువలపై ప్రయాణము అంతరించెను, దానితో పడవ గ్రంథాలయమును చరిత్రలో చేరెను. నాగభూషణము మాత్రము గ్రంథాలయ సేవను విడువక తన జీవితమంతయు దానికే వెచ్చించెను.

సముద్రముపై వార్త చేరిన విధము వేరు. 1899 నవంబరు 15వ తేదీన సెయింట్ పాల్ అను ఓడ ఇంగ్లండు తీరమును సమీపించుచుండగా, అందున్న మార్కోనీ తన నిస్తంత్రీ యంత్రముతో ఒడ్డునుండి వార్తలను గ్రహించి, ఓడలోని అచ్చుయంత్రముపై ఒక చిన్న పత్రికను ముద్రింపించెను. నడిసముద్రమున తాజా వార్తతో వెలువడిన తొలి పత్రిక అదియే. అది డాలరున కొక ప్రతిగా నావికుల సహాయనిధికి విక్రయింపబడెను. నీటిపై వార్తకు వెల కట్టుట ఆనాడే మొదలైనదన్నమాట. క్రమముగా ధనికులు ఓడనుండి తంతులంపుట వేడుకగా మారెను. ఆ వేడుక యొక్క దుష్ఫలము 1912 ఏప్రిలు 14వ తేదీ రాత్రి టైటానిక్ ఓడలో కనబడినది. ప్రయాణికుల సొంత తంతులను పంపుటలో మునిగియున్న ఫిలిప్స్ అను ఉద్యోగి, మంచుగడ్డలను గూర్చి సమీపమునందలి కాలిఫోర్నియన్ ఓడ చెప్పవచ్చిన హెచ్చరికను మధ్యలోనే ఆపివేసెను. వెల యిచ్చిన కబురు వెలలేని కబురును అణచెను. ఆ ఉద్యోగియు ఓడతోనే మునిగెను గనుక అతనిని నిందించుట న్యాయము కాదు; అతని కప్పగింపబడిన పనియే అట్టిది.

ఇక విద్యుత్పలక. 1997లో అమెరికాలో స్థాపితమైన ఇ-ఇంక్ అను సంస్థ ఒక చమత్కారమైన సిరాను సిద్ధము చేసెను. కంటి కానని చిన్న బుడగలలో తెల్లని రేణువులు, నల్లని రేణువులు విరుద్ధములైన విద్యుద్గుణములతో నుండును. పలక వెనుకనుండి విద్యుత్తు ప్రసరింపగా తెల్లనివో నల్లనివో పైకి వచ్చి అక్షరములగును. పుట తిరుగునపుడే విద్యుత్తు కావలెను. పుట నిలిచియున్నంతసేపు అక్కరలేదు. ఎండలో చదువవచ్చును, కన్ను చెదరదు. మార్కాపురము పలకతో దీనికి గల పోలిక కల్పితము కాదు: వ్రాసిన అక్షరము తుడుచువరకు తానై నిలుచును, తుడిచినచో మరియొక పాఠమునకు చోటిచ్చును. 2004లో సోనీవారు జపానులో ఇట్టి పలకను విక్రయించిరి. 2007 నవంబరు 19వ తేదీన అమెజాన్‌వారు కిండిల్ అను పలకను 399 డాలర్లకు, అనగా నాటి మారకమున రమారమి 15,700 రూపాయలకు, వెలువరించిరి.

కిండిల్ యందలి విశేషము సిరా కాదు, తీగలేని కంబి. సెల్‌ఫోను గోపురముల సంకేతమును అది గ్రహించెను. గ్రంథము నిమిషములో దిగెను. ఆ సంకేతమునకు నెలకు ఇంతయని పాఠకుడు చెల్లింప నక్కర లేకపోయెను. దానితోబాటు ఇంటర్నెట్టు చూచు సాధనము నొకదానిని ప్రయోగాత్మకమను పేరుతో ఒక మూల నుంచిరి. 2009లో ఈ సౌకర్యము అమెరికా వెలుపలికిని వచ్చెను. 2010 నాటి పలకలో ఆ సాధనము మరింత మెరుగయ్యెను. అది మందము, రంగులేనిది, టైపు చేయుట కష్టము. అయినను పరదేశమున ఫోను బిల్లుకు వెరచు యాత్రికుడు దానిపై ఉత్తరములు చూచుకొనెను, వార్తలు చదివెను. పుస్తకము కొనుటకై వేసిన దారిలో జనులు తమ కబుర్లను నడపిరి. డెల్టా కాలువలపై పడవలు నడచినట్లే యిదియును.

విహారనౌకల యాత్రికులు ఈ సంగతిని త్వరలో కనిపెట్టిరి. ఓడ రేవులో నిలిచినపుడు గాని, తీరమును ఆనుకొని పోవుచున్నపుడు గాని, ఒడ్డు గోపురముల సంకేతము పలకకు తగిలెను. జి.ఎస్.ఎం. గోపురము యొక్క సాధారణ పరిమితి 35 కిలోమీటర్లు. దానిని దాటగనే పలక మూగది యయ్యెను. ముందే దించుకొనిన గ్రంథములు మాత్రము దానియందుండును. నడిసముద్రమున ఇంటర్నెట్టు కావలసిన ఓడవారి వైఫైని ఆశ్రయింపవలెను. ఆనాడు దానికి నిమిషముల లెక్కన సొమ్ము తీసికొనిరి. అధిక వ్యయమునకు కారణము దూరము. భూమిపై ఒకేచోట నిలిచినట్లు కనబడు ఉపగ్రహము 35,786 కిలోమీటర్ల ఎత్తున నుండును. ఓడనుండి ప్రశ్న పైకి పోయి ఒడ్డునకు దిగవలెను, జవాబును అట్లే రావలెను. అనగా నాలుగు పర్యాయములు ఆ దూరము, మొత్తము 1,43,000 కిలోమీటర్లకు పైబడిన దారి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోవు వెలుగునకు సైతము దీనికి దాదాపు అరసెకను పట్టును. ఒక ఉత్తరమునకు అరసెకను ఆలస్యము స్వల్పమే. కాని ఒక్కొక్క పుట తెరచుటకు ఇట్టి రాకపోకలు అనేకము జరుగును, వేలమంది యాత్రికులు ఒకే మార్గమున కాచుకొని యుందురు. 2022లో రాయల్ కరీబియన్‌వారు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగు స్టార్‌లింక్ ఉపగ్రహములను తమ ఓడలకు స్వీకరించిన పిమ్మట వేగము పెరిగెను. అదే సంవత్సరము జూనులో విహారనౌక ఎంప్రెస్ విశాఖపట్టణమునకు వచ్చుటతో తెలుగు తీరమువారికిని ఈ వినోదము కంటబడెను.

ఇంతవరకు ఇది లాభపక్షము. నష్టపక్షము కూడ చూడక లెక్క ముగియదు. 2009 జూలైలో, జార్జి ఆర్వెల్ వ్రాసిన 1984 అను నవల యొక్క ఒక ప్రతిని హక్కులేనివా రెవరో అంగడిలో నుంచిరని తెలిసి, అమెజాన్‌వారు అప్పటికే కొన్నవారి పలకలనుండి దానిని దూరమునుండియే తుడిచివేసిరి. సొమ్ము తిరిగి యిచ్చిరి. పిమ్మట క్షమాపణయు చెప్పిరి. ప్రజల మనస్సుపై అధికారుల కావలిని గూర్చినది ఆ నవల; తుడువబడిన గ్రంథ మదియే యగుట వింత. పడవ గ్రంథాలయమువాడు గడువు మీరిన పుస్తకమునకై గట్టుపై నిలిచి కేక వేయునే గాని రాత్రివేళ ఇంట జొరబడి తీసికొని పోడు. పలకను తుడుచు చేయి బాలునిదైన అది చదువు. చేయి పరులదైనచో దానికి మరియొక పేరు వెదకవలెను.

రెండవది భాష. 2016 డిసెంబరులో కిండిల్ అంగడిలో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను అయిదు భారతీయ భాషల గ్రంథములకు స్థాన మేర్పరచిరి. ఆ అయిదింట తెలుగు లేదు. కోట్లకొలది జనులు మాటలాడు భాష, నన్నయ నాటినుండి వేయేండ్ల కావ్యసంపద గల భాష, ఆ జాబితా యందు చోటు పొందలేదు. అంతకుముందే, 2010లో, కినిగె అను తెలుగువారి సంస్థ విద్యుద్గ్రంథములను విక్రయించుటకు పూనుకొనెను గాని, వారి గ్రంథములు చదువుటకు జనులు ఎక్కువగా కంప్యూటరులను, ఫోనులనే వాడిరి. ఓడలో కూర్చుండి ఇంగ్లీషు నవలను క్షణములో దించుకొను తెలుగువానికి మనుచరిత్రము కావలసినచో ఇంటినుండి మోసికొని పోవలసివచ్చెను.

మూడవది కాలపరిమితి. ఉచితమైన ఆ దారి శాశ్వతము కాలేదు. మొదట ప్రయోగాత్మక సాధనమునకు నెలసరి పరిమితి విధించిరి. 2012 నాటి కొత్త పలకలలో గోపుర సంకేతముపై అంగడికి, వికీపీడియాకు మాత్రమే అనుమతి మిగిలెను. 2021 చివర అమెరికాలో పాత గోపుర సంకేతములు ఆగిపోవుటకు మొదలిడగా, వైఫై లేని తొలి కిండిల్ పలకలకు ఆ దేశమున అంగడితో సంబంధము తెగినది. అట్టి పలకకు నేడు కొత్త గ్రంథము కావలెనన్న, దానిని తీగతో కంప్యూటరుకు తగిలించి, తనకు గల ప్రతిని చేతితో ఎక్కించుకొనవలెను. తీరము దాటిన ఓడలోనైనను, గిద్దలూరు ఇంటి అరుగుపైనైనను పద్ధతి యిదియే.